సిగ్గుపడుతూ ఇవ్వమన్నారు

బెంగళూరు గుళ్లలో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లుంటాయి. కరెంటు పోయినప్పుడే వాటిని చదవడం కుదురుతుంది. అన్నదానం బోర్డుల మీది పేర్లతోనూ నాకు పేచీ లేదు. తిన్నవాడు వాటివంక చూడకుండానే చేయి కడుక్కుని వెళ్లిపోతాడు. చిక్కల్లా విద్యాదానంతోనే. ఓ పేదింటి ఆడపిల్లకు ఫీజు కట్టినవారిలో కొందరికి ఆమె ఫొటో కావాలి, మార్కుల జాబితా కావాలి, పండక్కి కృతజ్ఞతలు చెబుతూ ఓ ఉత్తరం కావాలి. ముఖం తెలియని పెద్దమనిషికి ఏం రాయాలో తోచక ఆ పిల్ల పెన్ను కొరుకుతూ కూర్చుంటుంది.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించుకుని ఇంటికి బయల్దేరిన శిష్యుడికి గురువు చెప్పే మాటల్లో దానం సంగతి వస్తుంది. శ్రద్ధతో ఇవ్వమంటాడు, సిగ్గుపడుతూ ఇవ్వమంటాడు, భయంతో ఇవ్వమంటాడు. సిగ్గుపడేది పుచ్చుకునేవాడు కదా అని మనకు తోస్తుంది. ఉపనిషత్తు ఆ బరువును ఇచ్చేవాడి మీదే పెట్టింది. పైగా ఈ మాటలు విన్నది ఇంకా సంపాదన మొదలుపెట్టని కుర్రాడు. చదువు పుచ్చుకున్నవాడే రేపటి దాత అని ఆ గురువు లెక్క. ఋషిఋణం సంగతీ అంతే. దాన్ని ఋషులకు తిరిగిచ్చి తీర్చమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. మనం చదవాలి, తర్వాతివారికి చెప్పాలి.

ఈ లెక్క ఆఫ్రికాలో ఓ చోట కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1991లో ఆన్ కాటన్ అనే బ్రిటిష్ ఆవిడ జింబాబ్వేలోని మోలా అనే మారుమూల పల్లెకు వెళ్లారు. అక్కడి ఆడపిల్లలు బడికి రాకపోవడానికి ఆచారమే అడ్డమని అప్పట్లో అనుకునేవారు. తల్లిదండ్రులు చెప్పింది వేరు. ఉన్న డబ్బు ఒక్కరి ఫీజుకే సరిపోతుంది, ఉద్యోగం దొరికే అవకాశం అబ్బాయికే ఎక్కువ, అందుకని వాణ్ని పంపుతున్నామన్నారు. మన పల్లెల్లో ఇంటర్‌తో ఆగిపోయిన ఎందరో అక్కల చదువు వెనకా ఇదే లెక్క. 1993లో 32 మంది అమ్మాయిలకు సాయం చేస్తూ ఆవిడ కామ్‌ఫెడ్ సంస్థను మొదలుపెట్టారు. అలా చదివినవాళ్లు 1998లో తమకంటూ ఓ సంఘం పెట్టుకుని, తమ ఊళ్లలోని ఇతర పిల్లల చదువుకు సాయపడటం మొదలుపెట్టారు. మొదటి 32 మందిలో ఒకరైన ఆంజెలిన్ మురిమిర్వా తర్వాత ఆ సంస్థకే అధిపతి అయ్యారు.

మనకు దగ్గర్లో, తెలుగు మాట వినబడే హోసూరు ప్రాంతంలోని బాలిగానపల్లిలో శాంతిభవన్ ఉంది. సైన్యంలో పనిచేసి, ఆపై అమెరికాలో వ్యాపారం చేసిన అబ్రహాం జార్జ్ 1997లో దాన్ని స్థాపించారు. కుటుంబానికి ఒక్క బిడ్డనే, నాలుగేళ్ల వయసులో చేర్చుకుని, కాలేజీ చదువు పూర్తయ్యేదాకా చూసుకుంటారు. ఎక్కువ ఇళ్లకు మేలు అందాలనే ఈ నియమం. నాకు మాత్రం కాస్త కఠినంగానే తోస్తుంది. సెలవులకు ఇంటికెళ్లిన అక్కడి పిల్ల, బడి మానేసిన చెల్లెలి పక్కన కూర్చుని ఏం మాట్లాడాలి? ఇచ్చే చెయ్యీ ఒక్కోసారి చాచాల్సి వస్తుంది. 2008 ఆర్థిక సంక్షోభంలో స్థాపకుడి సొంత సొమ్ము దెబ్బతినడంతో శాంతిభవన్ బయటి దాతల మీద ఆధారపడాల్సి వచ్చింది.

బెంగళూరులోనే, సర్జాపుర రోడ్డులోని అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2024-25లో ఓ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. పది, పన్నెండు తరగతులు ప్రభుత్వ బడిలో చదివి డిగ్రీలోనో డిప్లొమాలోనో చేరిన అమ్మాయికి, కోర్సు అయ్యేదాకా ఏడాదికి 30,000 రూపాయలు ఇస్తారు. మరుసటి ఏడాది అది కర్ణాటక, తెలంగాణలకూ వచ్చింది. ఇందులో నాకు నచ్చింది ఒకటే. డబ్బు నేరుగా అమ్మాయి బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాలేజీ వాళ్ల చేతికో, నాన్న చేతికో వెళ్లదు.

ఈ మాట చెప్పగానే ఎవరో ఒకరు, "బాగానే ఉందండీ, ఆ డబ్బుతో సెల్‌ఫోను కొనుక్కుంటే?" అంటారు. కొనుక్కోనివ్వండి. హాల్‌టికెట్ వచ్చేది అందులోనే, ఫలితాలు చూసుకునేదీ అందులోనే. అయినా మన అబ్బాయికి ఫోను కొనిచ్చిన రోజున ఈ ప్రశ్న ఎవరడిగారు?