అందమైన తెగులు

ట్యులిప్ రంగు మన చేతిలో ఉండదు. శరదృతువులో గడ్డ కొనేటప్పటికే లోపల మొగ్గ తయారై ఉంటుంది. పైకి మాత్రం అన్నీ ఉల్లిగడ్డల్లాగే కనిపిస్తాయి. కాబట్టి ‘ఊదా, తెలుపు’ అని రాసి ఉన్న సంచీ కొనడమంటే ఒక మాటను నమ్మడమే.

నేనుండేది నెదర్లాండ్స్‌లో. పోయిన నవంబరులో ఇంటి ముందున్న కాస్త మట్టిలో అలాంటి 50 గడ్డలు నాటాను, 15 సెంటీమీటర్ల లోతులో. దాదాపు నలుపనిపించే ‘క్వీన్ ఆఫ్ నైట్’, తెల్లటి ‘మోరీన్’. రెండూ ఆలస్యంగా పూసే రకాలే. రంగులు కుదిరినా రోజులు కుదరకపోతే ఆ కలయికకి అర్థం లేదు.

మే నెలలో 49 పూలు సంచీ మీది మాట నిలబెట్టాయి. ఒకటి నిలబెట్టలేదు. తెల్లటి రేకుల మీద అంచుల నుంచి లోపలికి పాకిన ఊదారంగు మంటలు. రంగుల లెక్కలో తప్పు కూడా కాదది, రెండు రంగులూ ఒకే పువ్వులో ఉన్నాయి. మొత్తం మడిలో అదే బాగుంది. చిక్కంతా అక్కడే.

ఆ మంటలు గీసేది ఒక వైరస్. ట్యులిప్ రేకుకి అడుగున తెలుపో పసుపో ఉంటుంది, దాని మీద అసలు రంగు పూత. వైరస్ ఆ పూతను ఒకచోట ఆపి, ఒకచోట వదిలేస్తుంది. 1630లలో డచ్చివాళ్లు ఎగబడి కొన్నది ఇలా చారలు పడ్డ పూలనే. 1637 ఫిబ్రవరిలో ఆ ధరలు కుప్పకూలాయి. కారణం మాత్రం 1928 దాకా తేలలేదు. ఇంగ్లండ్‌లో డొరొతీ కేలీ, తెగులున్న గడ్డ ముక్కను ఆరోగ్యంగా ఉన్న గడ్డకి అంటుకట్టి, ఇది అంటుకునే జబ్బని చూపించింది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, మూడు వందల ఏళ్లు బగ్‌ని ఫీచర్‌గా అమ్మారు.

ఆ జబ్బు గడ్డను ఏటేటా నీరసింపజేస్తుంది, పిల్లగడ్డలు తగ్గిపోతాయి. అప్పట్లో అన్నిటికన్నా ఖరీదైన ‘సెంపర్ అగస్టస్’ ఇప్పుడు లేనే లేదు.

పక్కింటి పెద్దాయన ఆకుల మీది పాలిపోయిన గీతలు చూపించి, పీకెయ్యమన్నారు. ఇక్కడి పొలాల్లో వరస వెంట నడుస్తూ తెగులు మొక్కల్ని ఏరేసే పనివాళ్లుంటారు. వాళ్లని ‘జీక్‌జూకర్’ అంటారు, రోగం వెతికేవాడని. ఈ వైరస్‌ని మొక్క నుంచి మొక్కకి మోసేది పేనుబంక. లిల్లీలకీ సోకుతుంది. ఆయన లిల్లీలు నా మడికి రెండు మీటర్ల దూరంలో ఉన్నాయి.

(ఇక్కడ వలస వచ్చినవాళ్ల గురించి ఒక పోలిక సిద్ధంగా కూర్చుని ఉంది. నాకొద్దు. మనుషుల్ని తెగులుతో పోల్చడం మొదలుపెట్టినవాళ్లు ఎక్కడ ఆగుతారో చరిత్రలో చూశాం.)

పీకడానికి నాకు చెయ్యి రాలేదు. దాన్ని కరుణ అనుకోవడం చాలా సుఖంగా ఉండేది. కానీ మా ఊళ్లో బెండతోటకి పల్లాకు తెగులొస్తే ఏం చేస్తారు? ఆకు పసుపెక్కిన మొక్కను కనపడగానే పీకి తగలబెడతారు. చిన్నప్పుడు నేనూ పీకాను, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అదీ వైరసే, ఇదీ వైరసే. బెండకి రాని క్షమాభిక్ష ట్యులిప్‌కి ఎందుకొచ్చింది? బాగుంది కాబట్టి, అంతే. మొక్కకి బాధ తెలుస్తుందని నేననుకోను. కాబట్టి నేను కాపాడుతున్నది మొక్కను కాదు, నా కంటికి దొరికిన సుఖాన్ని. దాని ఖర్చు పడేదేమో పక్కాయన లిల్లీల మీద.

మరి అందానికి హక్కే లేదా? ఇంగ్లండ్‌లో వేక్‌ఫీల్డ్ ట్యులిప్ సంఘం వాళ్లు 1836 నుంచీ ఇలాంటి పూలను పెంచుతూ, పోటీకి పెడుతున్నారు. బీరు సీసాల్లో పెట్టి మరీ ప్రదర్శిస్తారు. వాళ్లని తప్పు పట్టలేను. వాళ్లకి తమ దగ్గరున్నదేమిటో తెలుసు. జబ్బు పూలను విడిగా ఉంచే ఓపికా, చోటూ ఉంటే నేనూ ఉంచేవాణ్ణే. నాకున్నవి రెండు మీటర్లు.

జబ్బు లేకుండా, సంకరంతోనే చారలు తెప్పించిన రకాలు దుకాణాల్లో దొరుకుతాయి. చూశాను, బాగానే ఉన్నాయి. కాకపోతే ఒకదాన్ని చూస్తే అన్నీ చూసినట్టే. పోయినదానికి అది సమానమని నన్ను నేను ఒప్పించుకోలేను. పీకడం సరైనదే అయినంత మాత్రాన నష్టం లేదని కాదు కదా.

పువ్వు తుంచి, మొక్కను గడ్డతో సహా తవ్వి, ఎరువు గుంటలో కాకుండా చెత్తబుట్టలో వేశాను. పువ్వుని వేక్‌ఫీల్డ్ వాళ్లలాగే బీరు సీసాలో పెట్టాను. రెండ్రోజుల తర్వాత పెద్దాయన కాఫీకి వచ్చి, దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. “గడ్డ పారేశావా?” అని అడిగారు. పారేశానన్నాను. ఆయన ముఖంలో కనిపించింది నిశ్చింతో, ఇంకొకటో నాకు అంతుపట్టలేదు. ఫోన్ తీసి, పువ్వుకి ఫోటో తీసుకున్నారు.