ఆరె, సూది

చేతిపని గొప్పదని బడిలో పిల్లలకు పాఠం చెప్తాం. ఎవరి చేతిపని గొప్పది? కుట్టు నేర్చుకుంటున్నప్పుడు ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది.

మా తాత మోట తొండాలు కుట్టిండు. మా నాయిన చెప్పులు కుట్టిండు. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ముప్పై ఐదేళ్లకు, సర్కారు బడి పంతులుగా ఉండి, ఒక పాత కుట్టుమిషను కొనుక్కున్న. మొదట గీతల కాగితం మీద దారం లేకుండా సూది నడిపిన. తర్వాత దిండు గలీబు. ఆనక చేతిసంచి. సంచి పిడి దగ్గర రెండు వరసలు కుట్టకపోతే బరువుకు ఊడుతది.

"చదువుకొని మళ్లీ కుట్టుడేనా సారూ?" అని తోటి పంతులొకాయన నవ్విండు. నేనెన్నడూ సూది పట్టినవాణ్ణి కాదు. అయినా ఆయన 'మళ్లీ' అన్నడు. ఆయన లెక్కల నేను పుట్టకముందే పట్టిన. కులం చేసే పని ఇదే. మనిషిని ఏదీ కొత్తగా మొదలుపెట్టనియ్యదు.

1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషను రెండు దారాలతో కుడుతది. పైదారం ఉచ్చులోంచి కిందిదారం దూరి బిగుసుకుంటది. మా నాయిన కొక్కెం ఆరె కూడా అంతే. తోలు కింది నుంచి దారపు ఉచ్చును పైకి లాగుతది, రెండో దారం అందులో దూరుతది. ముడి ఒక్కటే. బట్ట మీద వేసినాయన టైలర్ మాస్టరు. తోలు మీద వేసినాయన ఊరి బయట.

మా అమ్మ బాధ వేరు. "ఇడిసిపెట్టి వచ్చిన పని గాదా కొడుకా?" అన్నది. ఆమెకు జవాబు చెప్పాలె. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్లను కూడా విభజిస్తదని చెప్పిండు. అదే ఏడు గాంధీ, అన్ని వృత్తులూ సమానమే, ఎవరి తాతల వృత్తి వాళ్లు చేయాలన్నడు. సమానమైతే మారితే తప్పేంది? 2023లో మొదలైన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టుడు, బట్టలు కుట్టుడు రెండూ ఉన్నయి. పనిముట్లకు డబ్బులొచ్చుడు మంచిదే. అవి ఎవరి పిల్లల చేతుల్లోకి పోతున్నయన్నదే నా ప్రశ్న.

అమ్మా, నాయినకు ఆరె ఇచ్చింది కులం. ఈ సూదిని నేను ఎంచుకున్న. ఇష్టం లేకుంటే రేపు పక్కన పెడత. వంకర పోయిన కుట్టు విప్పి మళ్లీ కుట్టే తీరిక నాకున్నది. దొర తోలు కుట్టే పసివాడికి అది లేకుండె. పని గౌరవం ఆ తీరికల, ఆ ఇష్టంల ఉన్నది.

మా బడిల పిల్లలందరికీ సంచి కుట్టుడు నేర్పుతున్న. ఏ ఇంటివారూ వద్దనలేదు. వచ్చే ఏడు అందరి చేతికీ ఆరె, తోలుముక్క ఇస్త. చేతిపని గొప్పదో కాదో ఆ రోజు బడి గేటు కాడ తేలుతది.