ఆటగాడు విద్యార్థా, సాధనమా?

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు; బంతి చేత పట్టుకుని, ఒకరినొకరు ఢీకొంటూ ఆడే ఆట. మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు. టికెట్లు, టీవీ హక్కులు, విరాళాల రూపంలో పెద్ద జట్లకు ఏటా కోట్ల డాలర్లు వస్తాయి. ఆ సొమ్ము తెచ్చిపెట్టే ఆటగాళ్లు విద్యార్థులే. మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా వాడుకోకూడదన్నది జర్మన్ తత్వవేత్త కాంట్ నీతిశాస్త్రానికి ఆయువుపట్టు. ఆ కొలతతో చూస్తే జట్టు ఆదాయం, పట్టా పొందినవారి శాతం మాత్రమే చాలవు. ఆటగాడి చదువు అతని కోసమే సాగిందా అన్నది తేలాలి.

ఈ లెక్కలు ఎంతగా మోసగించగలవో చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో బయటపడింది. 2014 నాటి విచారణ నివేదిక ప్రకారం, 18 ఏళ్లలో 3,100 మందికి పైగా విద్యార్థులు పాఠమే జరగని కోర్సుల్లో చేరారు; వారిలో సగానికి కాస్త తక్కువమంది క్రీడాకారులు. ఒక్క వ్యాసం రాసిస్తే చాలు. దానికి ఆచార్యులు కాక కార్యాలయ ఉద్యోగిని మంచి గ్రేడు వేసేది. ఆడే అర్హత నిలబడింది, విద్య మాత్రం అందలేదు. ఆ కోర్సులు అందరికీ తెరిచే ఉన్నాయి కాబట్టి తమ నియమాల కింద శిక్షించలేమని 2017లో కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ తేల్చింది. నియమం గెలిచినంత మాత్రాన ధర్మం గెలిచినట్టు కాదు.

ఆటగాళ్లు ఇష్టపడే వచ్చారు కదా, పేద కుటుంబాల పిల్లలకు కాలేజీ గడప తొక్కే దారి ఇదే కదా అంటారు. ఆ మేలు నిజమే, దాన్ని తక్కువ చేయలేం. కానీ చదువు చెబుతామని పిలిచి, చదువుకునే వేళనే లాగేసుకుంటే ఆ సమ్మతికి విలువేముంది? సాధన వారానికి 20 గంటలు మించరాదని నియమం ఉన్నా, ఆటకు 40 గంటలకు పైగా పడుతోందని ఎన్‌సీఏఏ సొంత సర్వేలోనే ఆటగాళ్లు చెప్పారు. ఇప్పుడు జీతమే ఇస్తున్నారుగా అనేది మరో వాదన. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు ఏటా సుమారు రెండు కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. అది న్యాయమైన వాటాయే. అయితే కూలి ముట్టజెబితే యజమాని బాకీ తీరుతుంది, గురువు బాకీ తీరదు.

అలాగని ఆటను రద్దు చేయనక్కర్లేదు; అయితే వదులుకున్నా సంస్థ కూలిపోదు. 1939లో షికాగో విశ్వవిద్యాలయం పెద్ద ఫుట్‌బాల్‌ను వదులుకుని కూడా విద్యలో అగ్రస్థాయిలోనే నిలిచింది. ఆట లేనిదే సంస్థ బతకదన్న వాదనకు అదే జవాబు. ఆడించదలచిన సంస్థ మాత్రం రెండు పూచీలు పడాలి: సాధన వేళలకు కుదిరే కోర్సును అంటగట్టకుండా కోరిన చదువు చదవనివ్వాలి; గాయపడి ఆట మానినా పట్టా చేతికొచ్చేదాకా ఖర్చు భరించాలి. జట్టుకు పనికిరాకుండా పోయిన రోజున కూడా ఆటగాణ్ణి విద్యార్థిగా నిలుపుకునే విశ్వవిద్యాలయమే అతణ్ణి మనిషిగా చూసిందని చెప్పగలం.