మార్కుల కోసం తండా ముచ్చట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిగ్రీ కాలేజీల్లో చదివే మన పిల్లలు ఇప్పుడు పరీక్ష జవాబులు ఒక్కటే రాయడం లేదు. సర్వేలు చేస్తున్నారు, ప్రాజెక్టులు రాస్తున్నారు, కాలేజీ పత్రికకు వ్యాసాలు ఇస్తున్నారు. కళాశాల విద్యా కమిషనరేట్ 'జిజ్ఞాస' పేరుతో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థుల అధ్యయనాలకు పోటీలు కూడా పెడుతోంది. సారో మేడమో "మీ ఊరి మీద రాయండి" అంటే తండా పిల్ల తండా మీదనే రాస్తుంది. తీజ్ పండుగ రాస్తుంది, నీళ్ళ కష్టం రాస్తుంది, అక్క చదువు ఎందుకు ఆగిపోయిందో రాస్తుంది. ఇదివరకు ఆ కాగితాలు డిపార్ట్‌మెంటు బీరువాలో ఉండిపోయేవి. ఇప్పుడు ఫోటోతో, పేరుతో, ఊరి పేరుతో సహా ఫోన్లో ఒక్క నొక్కుతో లోకం ముందుకు పోతున్నాయి.

ఇది మంచిదా చెడ్డదా అనే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ పిల్ల రాసిన ముచ్చట ఎవరిది? రాసిన పిల్లదా, అక్కదా, తండాదా, మార్కులు వేసే కాలేజీదా?

మా మాట ముందే చెప్తున్నాం. మన పిల్లలు నలుగురు చదివేటట్టు రాయాలి. అందులో మాకు అనుమానం లేదు. కానీ మార్కులు రాతకు వేయాలి, బయటపెట్టినందుకు వేయకూడదు. తనది కాని బతుకును రాసేటప్పుడు ఆ బతుకు ఎవరిదో వాళ్ళను అడగాలి. ఈ రెండూ లేకపోతే చదువు పేరుతో మన ఇండ్ల తలుపులు మన పిల్లల చేతనే తీయించినట్టవుతుంది.

మనం కలం పట్టకముందే మన మీద చాలా రాతలు వచ్చాయి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. దాని కింద తయారైన జాబితాల్లో లంబాడీల పేరూ, ఎరుకల పేరూ ఎక్కాయి. 1952లో చట్టం పోయింది. ఆ ముద్ర మాత్రం చట్టంతోపాటు పోలేదు. రాసినవాళ్ళు ఎవరో మనకు తెలియదు. వాళ్ళ రాతను తరాల తరబడి మోసింది మన తాతలు.

ఇంకా దగ్గరి సంగతి ఉంది. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే దేవరకొండ, చందంపేట వైపు తండాల ఆడశిశువుల దత్తత వ్యవహారం 1999-2001 నడుమ పత్రికలకెక్కింది. అది రాయాల్సిన సంగతే. రాయకపోతే పసిపిల్లల పేరిట జరిగే వ్యాపారం బయటపడేది కాదు. అయితే జనం నోళ్ళలో చివరికి మిగిలిందేమిటి? 'పిల్లల్ని అమ్ముకునే తండా' అన్న ఒక్క మాట. ఆ మాటలో కరువు లేదు, కొత్తగా వచ్చిపడ్డ కట్నం లేదు, దళారి లేడు, పట్నంలోని దత్తత కేంద్రం లేదు. తల్లి ఒక్కతే ఉంది.

అందుకే మన పిల్లలు రాయాలంటున్నాం. నిజాం పాలనలో లంబాడీల చరిత్రను చరిత్రకారుడు భంగ్యా భూక్యా పరిశోధించి 2010లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చారు. అప్పటిదాకా ఇతరుల కాగితాల్లో మనం ఒక పేరుగా ఉన్నాం. ఆ పుస్తకంలో మనం చరిత్ర ఉన్న మనుషులం. డిగ్రీ చదివే పిల్ల రాసే పది పేజీలు కూడా ఆ దారిలోవే. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన జరిగింది. దానికింద భూములు పోయినవాళ్ళలో తండాల వాళ్ళున్నారు. మెగావాట్ల లెక్క అన్ని పత్రికల్లో ఉంటుంది. భూమి పోయిన ఇంట్లో ఇప్పుడు పొద్దున్నే ఎవరు ఏ పనికి పోతున్నారు, మేకలు ఏమయ్యాయి, సీత్లా పండుగ ఎక్కడ చేసుకుంటున్నారు అన్నది ఆ ఇంటి పిల్ల రాస్తేనే తెలుస్తుంది.

రాసే పిల్లకూ దీనివల్ల మేలుంది. పరీక్ష జవాబు చదివేవారికి ఆ జవాబు ముందే తెలుసు. నలుగురు చదివే రాత అట్లా కాదు. చదివేవాళ్ళకు తండా తెలియదు, యాడి అంటే అమ్మ అని తెలియదు, నాయక్ అంటే ఇంటిపేరు ఒక్కటే కాదని తెలియదు. వాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే తనకు తెలిసిందాన్నే మళ్ళీ తెలుసుకోవాలి. "మాది ఎప్పటినుంచో ఇంతే" అని రాసిన పిల్ల, "ఎప్పటినుంచి?" అని ఎవరైనా అడిగితే తాత దగ్గరికి పోతుంది. ఆ పోవడమే చదువు.

ఇక చిక్కు మార్కుల దగ్గర వస్తుంది. 2011లో పుణెలోని కొన్ని కాలేజీల్లో తరగతి పనిలో భాగంగా విద్యార్థుల చేత వికీపీడియాలో వ్యాసాలు రాయించారు. చాలామంది ఎక్కడెక్కడివో ఎత్తి అతికించారు. వాటిని ఏరి తీసేసేసరికి అక్కడ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళకు తలప్రాణం తోకకొచ్చింది. ఆ ఏడాది చివర్లో ఆ కార్యక్రమాన్నే ఆపేశారు. పిల్లలది తప్పే. కానీ ఎట్లా రాయాలో సరిగా నేర్పకుండా, గడువు పెట్టి, మార్కులు చూపించి లోకం ముందుకు తోస్తే ఇంకేం జరుగుతుంది?

మన పిల్లల విషయంలో దీనికంటే పెద్ద ప్రమాదం ఉంది. ఎత్తి రాయడానికి తండా మీద పుస్తకాలు దొరకవు. దొరికేది ఇంట్లోని గాయమే. నాన్న తాగుడు, అక్క బాల్యవివాహం, చిన్నమ్మ చావు. ఎంత ఏడిపిస్తే అన్ని మార్కులు అని పిల్లలకు అర్థమైతే వాళ్ళు అదే తెచ్చి పెడతారు. పక్క బెంచీ పిల్లవాడు బ్యాంకింగ్ మీద రాసి 18 మార్కులు తెచ్చుకుంటాడు, మన పిల్ల తల్లి కన్నీళ్ళు రాసి అవే 18 తెచ్చుకుంటుంది. ఇద్దరూ ఇచ్చింది సమానం కాదు.

మరి ఏది రాయొచ్చు, ఏది రాయకూడదు? మూడు రకాల ముచ్చట్లను విడదీసి చూడాలి.

మొదటిది, తన సొంత బతుకు. అది రాయడానికి తండా అనుమతి అక్కర్లేదు. తనకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకునే పిల్లను "తండా పరువు" అని ఎవరూ ఆపకూడదు. అట్లాగే "నీ కథ రాయి, బాగుంటుంది" అని సారు కూడా ఒత్తిడి చేయకూడదు. 18 ఏళ్ళకు రాసింది 28 ఏళ్ళప్పుడు ఉద్యోగమిచ్చేవాళ్ళు చదువుతారు, అత్తగారింటివాళ్ళు చదువుతారు. అందుకే వద్దనుకున్ననాడు వెనక్కి తీసుకునే వీలు ఆ పిల్లకు ఉండాలి.

రెండోది, ఇంకొకరి బతుకు. అక్కది, తల్లిది, పక్కింటి వితంతువుది. ఇది వాళ్ళను అడగకుండా రాయకూడదు. లైంగిక దాడికి గురైన పిల్లల వివరాలు బయటపెట్టకూడదని 2012 నాటి పోక్సో చట్టం చెప్తోంది. రక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టేటట్టు ఏ రూపంలోనూ ప్రచురించకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెప్తోంది. కాలేజీ ప్రాజెక్టు అని వీటికి మినహాయింపు ఏమీ లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా 18 నిండని వాళ్ళను పిల్లలుగానే లెక్కగడుతుంది, వాళ్ళ సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ఇంటర్ చదివేవాళ్ళు చాలామంది ఆ వయసువాళ్ళేనని లెక్చరర్లు గుర్తుంచుకోవాలి.

మూడోది, పదిమందికీ సంబంధించిన సంగతి. రాని కూలి డబ్బులు, పోయిన భూమి, మూతపడ్డ బడి, ఎండిన బోరు. దీనికి కాంట్రాక్టర్ అనుమతి అక్కర్లేదు, సర్పంచ్ అనుమతి అక్కర్లేదు. ఆధారం కావాలి, ఆరోపణ ఎవరి మీదనో వాళ్ళ మాటా వినాలి. అంతే.

ఇక్కడ పెద్దలు ఒక అభ్యంతరం చెప్తారు. "అందరినీ అడుగుతూ పోతే ఎవరు రాయనిస్తారు? గుడుంబా మీద రాస్తామంటే ఒప్పుకుంటారా? బాల్యవివాహం మీద రాస్తామంటే కార్భారి ఊకుంటాడా?" న్యాయమైన మాటే. కానీ మేము అడగమంటున్నది పెత్తనం ఉన్నవాళ్ళను కాదు, ఎవరి బతుకు కాగితం మీదికెక్కుతోందో వాళ్ళను. ఆడమనిషి బతుకు మీద నాయక్ "రాయి" అంటే అది అనుమతి కాదు. ఆమె "రాయి" అన్నాక నాయక్ "వద్దు" అంటే అది అడ్డం కాకూడదు.

అడగడమంటే సంతకం పెట్టించుకోవడమూ కాదు. ఎక్కడ పెట్టమంటే అక్కడ వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న కుటుంబాలు మనలో ఎన్నో. వాళ్ళ చేత ఇంకో కాగితం మీద వేలిముద్ర వేయించి "సమ్మతి తీసుకున్నాం" అంటే అది కూడా ఆ పాత పద్ధతే. రాసింది చదివి వినిపించాలి. తెలుగు రాని ముసలమ్మకు గోర్ బోలిలో చెప్పాలి. "ఈ మాట తీసెయ్" అంటే తీసెయ్యాలి.

పేరు మారిస్తే చాలదా అంటారు. 40 గడపల తండాలో పేరు మారిస్తే ఏం దాగుతుంది? "కాలువ పక్క ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు" అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. దీనికి ఒక దారి ఇటలీలో కనిపిస్తుంది. బార్బియానా అనే కొండ పల్లెలో లొరెంజో మిలాని అనే ఫాదర్ నడిపిన బడిలోని ఎనిమిది మంది పేద పిల్లలు, తమలాంటివాళ్ళను ఫెయిల్ చేసి వెళ్ళగొట్టే చదువు మీద ఒక పుస్తకం రాశారు. అది 1967లో వచ్చింది. ఎనిమిది మంది కలిసి ఒకే గొంతుతో రాశారు, రచయితగా బడి పేరు పెట్టుకున్నారు. రాస్తూ రాస్తూ పెద్ద చదువులేని బయటివాళ్ళను పిలిచి చదివించుకున్నారు, అర్థంకాని చోట తిరగరాశారు. ఈ మాట రాసింది ఫలానా పిల్లవాడు అని వేలు పెట్టి చూపలేం. అయినా దాని పదును తగ్గలేదు. మూడు తండాల పిల్లలు ఐదారుగురు కలిసి 'మేము' అని రాస్తే, ఏ ఇల్లూ బయటపడదు, ఏ నిజమూ దాగదు.

టీచర్లను మేము కోరేది కష్టమైన పనేం కాదు. నోటుబుక్కులో రాసిచ్చిన పిల్లకూ, బయటపెట్టిన పిల్లకూ ఒకే కొలతతో మార్కులు వేయండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం విద్యార్థి సొంతంగా రాసింది విద్యార్థిదే. మీ పరిశోధన పత్రంలో అది వాడుకుంటే ఆ పిల్ల పేరు ఉండాలి, ఆమెను అడిగి ఉండాలి. యాడి అన్నచోట ఎర్ర గీత గీసి అమ్మ అని దిద్దకండి. గోర్ బోలిని తెలుగు లిపిలో రాసుకునే పిల్లలకు ఆ కాసిన్ని మాటలే తమ భాష అచ్చులో కనిపించే చోటు. ఇంకొకటి. 1976లో తెలంగాణ లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చిన దగ్గరినుంచి రిజర్వేషన్ మీద ఎత్తిపొడుపులు ఆగలేదు. నాయక్ అనో భూక్యా అనో పేరు కనిపిస్తే చాలు, రాసిన సంగతి వదిలేసి తిట్లకు దిగేవాళ్ళుంటారు. అటువంటప్పుడు రాయించిన టీచర్ పిల్ల పక్కన నిలబడాలి. నిలబడలేమనుకుంటే బయటపెట్టించకూడదు.

రాసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. మీ రాతను సార్లకు ఇచ్చే ముందు, అందులో ఎవరి బతుకు ఉందో వాళ్ళ గడప దగ్గర కూర్చొని చదవండి. వాళ్ళు తల దించుకుంటే ఆ పేజీ మీ దగ్గరే ఉంచుకోండి. "ఔను, ఇట్లనే అయింది, ఇంకొకటి కూడా రాయి బిడ్డా" అంటే కలం తీయండి. ఆ ఇంకొకటే ఇన్నేళ్ళు మన మీద రాసినవాళ్ళెవరికీ దొరకనిది.