శ్రామికుడికి చెట్టుతో పనేమిటి?

సోషలిస్టు ఉద్యమానికీ పర్యావరణ ఉద్యమానికీ పొత్తు కుదురుతుందా అన్న ప్రశ్నను సాధారణంగా ఎన్నికల లెక్కలతో తేల్చేస్తుంటారు గానీ, దాని అడుగున ఉన్నది తాత్త్విక సమస్య: ఒక నిర్మాణం మంచిచెడ్డలను విచారించే హక్కు, ఆ విచారణతోపాటు మీదపడే బాధ్యత, దానిని కట్టే చేతులకు ఉన్నాయా లేవా?

సంపదకంతటికీ శ్రమ ఒక్కటే మూలమన్న జర్మన్ సోషలిస్టుల ముసాయిదాను 1875లో తప్పుపట్టిన మార్క్స్, ఉపయోగపు విలువలకు, అంటే మనిషి అవసరాలు తీర్చే వస్తుగుణాలకు, ప్రకృతి కూడా శ్రమతో సమానంగా మూలమేనన్నాడు. అంతకుముందే, రసాయన శాస్త్రవేత్త లీబిగ్‌ను శ్రద్ధగా చదివి, పంటతోపాటు పట్నానికి తరలిన భూసారం తిరిగి పొలానికి చేరకపోవడాన్ని, మనిషికీ నేలకూ నడుమ సాగే ఇచ్చిపుచ్చుకోలుకు పడిన గండిగా 1867 నాటి ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో గుర్తించాడు. అయినా ఆయన పేరు చెప్పుకొన్న సోవియట్ ప్రభుత్వం పత్తి సాగు కోసం నదులను మళ్లించి ఆరల్ సముద్రాన్ని ఎండగట్టింది కనుక, పర్యావరణవాదుల అనుమానాన్ని అకారణమని కొట్టివేయలేము.

ఈ చిక్కుకు గ్రంథాలకన్నా సూటిగా జవాబిచ్చినవారు సిడ్నీ భవన నిర్మాణ కూలీలు. 1971లో హంటర్స్ హిల్‌లో మిగిలిన కెల్లీస్ బుష్ అనే చిట్టడవిలో ఇళ్లు కట్టబోగా, ఆ సంపన్న పేటకే చెందిన పదముగ్గురు మహిళలు, విన్నపాలన్నీ వృథా అయ్యాక, కమ్యూనిస్టు జాక్ మండీ కార్యదర్శిగా ఉన్న కూలీల సంఘాన్ని ఆశ్రయించారు. సంఘం వెంటనే తల ఊపలేదు. ముందు స్థానికులు బహిరంగ సభ పెట్టి తమ కోరికను చాటాలన్నది, సభ జరిగాకే పని నిషేధించింది. బయటి కూలీలతో కట్టిస్తామని కంపెనీ బెదిరిస్తే, అదే కంపెనీ నార్త్ సిడ్నీలో కట్టిస్తున్న భవనాన్ని కెల్లీస్ బుష్ స్మారకంగా మొండిగోడలతోనే వదిలేస్తామని అక్కడి కూలీలు బదులిచ్చారు. గ్రీన్ బ్యాన్ అని పేరుపడిన ఈ నిరాకరణ కొద్ది ఏళ్లలోనే నలభైకి పైగా స్థలాలకు పాకి, రాక్స్ ప్రాంతపు పేదల ఇళ్లకూ, ఒపేరా హౌస్ కార్ల పార్కింగుకు బలికావలసిన మర్రిజాతి చెట్లకూ అండగా నిలిచింది.

శ్రామికుడి శ్రమ ఫలం అతనికే అన్యమై ఎదురు నిలవడాన్ని మార్క్స్ పరాయీకరణ అన్నాడు. ఏమి కట్టాలో కూడా మేమే విచారిస్తామన్న కూలీ ఆ పరాయీకరణను కూలి పెంపుకన్నా లోతున తాకాడు. ప్రకృతికి మనిషితో నిమిత్తం లేని స్వతస్సిద్ధ విలువ ఉందా అన్న వివాదంపై ఇరుపక్షాలూ ఏకీభవించకుండానే ఇది సాధ్యపడింది; సభలో ఆ ప్రశ్న ఎవరికీ అడ్డురాలేదు. అయితే నగరంలో నిర్మాణాలు ముమ్మరంగా సాగుతూ పని దండిగా దొరికిన కాలమది. ఉపాధి కరవైనచోట ఇదే త్యాగాన్ని కూలీనుంచి ఆశించే పర్యావరణవాది, అతని జీతానికి ప్రత్యామ్నాయం చూపనంతవరకు, పొత్తు గురించి మాట్లాడే అర్హత పొందడు.

కూలీల సంఘపు జాతీయ నాయకత్వం 1974-75లో గ్రీన్ బ్యాన్లు విధించిన రాష్ట్ర శాఖను చేజిక్కించుకొని మండీనీ సహచరులనూ బహిష్కరించింది. కెల్లీస్ బుష్‌ను మాత్రం 1983లో రాష్ట్ర ప్రభుత్వం కొని ప్రజల స్థలంగా నిలిపింది.