మునిగినవారిపై తీర్పు చెప్పడం మన పనేనా?

టైటానిక్ పేరెత్తగానే మన ప్రసంగాలలో ఒక కథ వినిపిస్తుంది. "ఈ ఓడను దేవుడు కూడా ముంచలేడు" అని దాన్ని కట్టినవారు విర్రవీగారట, అందుకే అల్లాహ్ దాన్ని మొదటి ప్రయాణంలోనే ముంచేశాడట. శాంతిపురం, కుప్పం వైపు కూడా ఈ కథ వినని ఇల్లు అరుదు.

ఓడ యజమానులు ఆ మాట అన్నారనడానికి నమ్మదగిన ఆధారం లేదు. అది దాదాపు మునగని ఓడ అని అప్పటి పత్రికలో వచ్చిన మాట నిజమే. మిగతాది తర్వాత చేరింది. వార్త వస్తే ముందు విచారించి తెలుసుకోమని సూరా హుజురాత్ ఆరవ ఆయత్ మనల్ని ఆదేశిస్తోంది. మింబర్ మీద చెప్పే మాటకు ఈ ఆదేశం వర్తించదా?

సరే, ఆ మాట అన్నారనే అనుకుందాం. నూహ్ (అలైహిస్సలాం) జాతి, ఫిరౌన్ మునిగిపోవడం శిక్ష అని మనకెలా తెలిసింది? వహీ ద్వారా తెలిసింది. టైటానిక్ గురించి ఎవరికీ వహీ రాలేదు. పైగా నీట మునిగి చనిపోయిన విశ్వాసిని దైవప్రవక్త (సఅసం) షహీదుల్లో లెక్కించిన హదీసు బుఖారీలో ఉంది. అలాంటప్పుడు మునగడమే దైవాగ్రహానికి గుర్తు ఎలా అవుతుంది? 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగింది. ఆ ఇళ్ళకు వెళ్ళి ఇది శిక్ష అని చెప్పగలమా?

1912 ఏప్రిల్ 14 రాత్రి 11 గంటల 40 నిమిషాలకు టైటానిక్ మంచుకొండను ఢీకొంది. తెల్లవారుజామున 2 గంటల 20 నిమిషాలకు పూర్తిగా మునిగిపోయింది. దాదాపు 2,200 మందిలో 1,500 మంది చనిపోయారు. మొదటి తరగతి ప్రయాణికుల్లో సగానికి పైగా బ్రతికితే, మూడవ తరగతిలో బ్రతికింది నలుగురిలో ఒక్కరే. వారిలో లెబనాన్ ప్రాంతం నుంచి పొట్ట చేతబట్టుకుని అమెరికా బయలుదేరిన పేదలూ ఉన్నారు. శిక్ష పడింది గర్విష్ఠులకే అయితే ఈ లెక్క తలక్రిందులుగా ఉండాలి కదా!

తప్పు జరగలేదని కాదు. ఓడలో ప్రాణరక్షక పడవలు 20, వాటిలో చోటు 1,178 మందికి. విచిత్రమేమిటంటే చట్టం అడిగినదానికంటే అవి ఎక్కువే! పది వేల టన్నుల ఓడల కాలంలో రాసిన నియమం 46 వేల టన్నుల ఓడకూ సరిపోయింది. కాగితం మీద అంతా సక్రమమే. కానీ ఎక్కిన ప్రతి ప్రాణం ఓడవారి చేతిలో అమానతు. ముందు ఒంటెను కట్టు, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వెయ్యి అన్న ప్రవక్త (సఅసం) బోధ ప్రకారం చూస్తే వారు ఒంటెను కట్టలేదు. ఎక్కిన అందరికీ పడవల్లో చోటుండాలన్న అంతర్జాతీయ ఒప్పందం 1914లో గాని కుదరలేదు.

ఆ ఓడలో గుంటూరు నుంచి బయలుదేరిన కుటుంబం ఒకటుంది. అక్కడి లూథరన్ మిషనరీ బెకర్ గారి భార్య నెల్లీ, జబ్బుపడిన చంటివాడు రిచర్డ్‌కు వైద్యం కోసం ముగ్గురు పిల్లలతో అమెరికా వెళుతోంది. పెద్దమ్మాయి రూత్‌కు 12 ఏళ్ళు. దుప్పట్లు తెమ్మని తల్లి పంపితే గదికి వెళ్ళి తెచ్చింది. అంతలో తల్లి, తమ్ముడు, చెల్లెలు ఉన్న 11వ పడవ నిండిపోయింది. రూత్ ఒంటరిగా 13వ పడవ ఎక్కింది. పక్కన కొలిమి గదుల నుంచి వచ్చిన పనివాళ్ళు, ఒంటిమీద పలుచని బనీన్లతో, ఆ చలిలో వణుకుతూ తెడ్లు వేస్తున్నారు. తల్లి కోసం తెచ్చిన దుప్పట్లను ఆమె వారికి ఇచ్చేసింది.

కార్పేథియా ఓడ మీద తల్లీబిడ్డలు కలుసుకున్నారు. రూత్ పెరిగి ఉపాధ్యాయురాలైంది. ఆ రాత్రి సంగతి ఏళ్ళ తరబడి తన సొంత పిల్లలకు కూడా చెప్పలేదు.