బ్రతికినవారి యెడ ధర్మము

2008 డిసెంబరులో వరంగల్లున ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగినది. ఒకరు మరణించిరి, రెండవవారు బ్రతికిరి. అట్లు బ్రతికినవారి యెడ మన ధర్మమేమి?

చికిత్స మొదటిది. ఇట్టి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నియు తక్షణము ఉచితముగా చికిత్స చేయవలెనని 2013లో చట్టము వచ్చినది. ఆ యేడే సుప్రీంకోర్టు కనీస పరిహారము 3 లక్షల రూపాయలుగా నిర్ణయించినది. అంతటితో పని తీరినదని తలచుట తగదు.

ఇల్లు చేరిన పిల్లతో "ఇక చదువు చాలు" అని కన్నవారందురు. ప్రేమతోనే యందురు, నలుగురేమనుకొందురో యను భయముతోను అందురు. కాని తలవంచుకొనవలసినవాడు నేరము చేసినవాడు. ఆమె చదువు మాన్పించినచో వాడు తలపెట్టిన కీడును ఇంటివారే పూర్తిచేసినట్లగును. ఇక పరామర్శకు వచ్చి "అసలేమి జరిగినది?" అని తరచి తరచి యడుగువారు (మన బంధువర్గములో వీరికి కొదువ లేదు) మానుచున్న గాయమును రేపుదురు.

కళాశాలవారు హాజరు చాలలేదని పరీక్షను నిరాకరింపరాదు. తప్పిన పాఠములను తోటివారు వ్రాసి యీయవచ్చును. మరల తరగతికి ఎన్నడు రావలెనో, ఎవరితో ఎంత చెప్పవలెనో ఆమెయే నిశ్చయించుకొనవలెను. కోర్టు వాయిదా నాడు వెంట పోయినవారు ఏమియు మాటలాడకున్నను, వరండాలో ఆమె ప్రక్కన కూర్చుండిన చాలును.